కడుపులో వాపు, పేగుల్లో పుండు: లోపల ఏం జరుగుతాది, మనం వరసగా ఏం చేయాలి

తిరుపతిలో మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా పని చేస్తా ఉన్నా. మా కౌంటర్ దగ్గర జాస్తిగా వినపడే మాట ఒకటే, "అన్నా కడుపులో మంటగా ఉంది, ఏదో ఒక గ్యాస్ మాత్ర ఇయ్యన్నా". ఇస్తే ఆ పూటకి తగ్గుతాది, కొన్నాళ్ళకి అదే మనిషి అదే మాటతో మళ్ళా వస్తాడు, అట్ల నెలలు గడిచిపోతాయి గానీ ఆ మంట ఎందుకు వస్తా ఉందో ఎవురూ అడగరు, ఆయనా అడగడు. అందుకే ఇది రాస్తా ఉన్నా. డాక్టర్ దగ్గరికి పోకుండా ఉండడానికి కాదు ఇది, ఎప్పుడు పోవాలి, పోయేముందు ఏం చూసుకోవాలి, పోయినాక ఏం అడగాలి అనేది తెలియడానికి.

ముందు లోపల ఏం జరుగుతాదో తెలుసుకోండి

వేలికి ముల్లు గుచ్చుకుంటే కాసేపటికి ఆ చోటు ఎర్రబడి, వెచ్చబడి, వాచి, సలుపు పెడతాది గదా, పేగుల్లో ఇన్‌ఫ్లమేషన్ అంటే కూడా అదే పని, కాకపోతే కంటికి కనపడదు. పేగు లోపలి గోడ మీద ఒకే ఒక్క వరస కణాలు ఉంటాయి, దాని పైన జిగురు పొర ఒకటి. ఆ కణాలు మూడు నుంచి అయిదు రోజులకి ఒకసారి రాలిపోయి కొత్తవి వస్తా ఉంటాయి, ఒంట్లో ఇంత తొందరగా కొత్తగా మారే చోట్లు చాలా తక్కువ. ఆ వరసకి అవతలి పక్క లక్షల కోట్ల బ్యాక్టీరియా, ఇవతలి పక్క మన రోగనిరోధక కణాలు, అందుకే ఈ గోడ దగ్గర ఎప్పుడూ కాపలా గట్టిగానే ఉంటాది.

ఇంగ ఏదన్నా చెడు క్రిమి లోపలికి దూరినా, మాత్రల వల్ల గోడ దెబ్బతిన్నా, అక్కడ ఉండే కణాలు టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 6 లాంటి రసాయనాలు వదలతాయి. వాటివల్ల రక్తనాళాలు వెడల్పై, వాటిలోంచి నీరు కారి గోడ వాస్తాది, న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్త కణాలు గుంపుగా వచ్చి అక్కడ ఉన్న క్రిముల్ని చంపతాయి, ఆ కొట్లాటలో మన సొంత కణాలు కూడా కొన్ని పోతాయి. వాచిన గోడ నీళ్ళు పీల్చుకోలేదు కాబట్టి బేదులు అవుతాయి, పైపొర చిరిగితే రక్తం, జిగట పడతాది, నరాలు రేగి ఉంటాయి కాబట్టి మెలిపెట్టినట్టు నొప్పి వస్తాది. అదే రసాయనాలు రక్తంలో కలిసి మెదడుకి పోతే జ్వరం, ఆకలి చచ్చిపోవడం, లివర్‌కి పోతే అది సీఆర్పీ అనే ప్రొటీన్ తయారు చేయడం మొదలు పెడతాది, రక్తపరీక్షలో మనం చూసేది దాన్నే.

ఆ క్రిమి పోయినాక ఈ పని అంతా దానంతట అది ఆగిపోయి, కొత్త కణాలు మొలిచి గోడ మామూలు అవుతాది. ఆగకుండా నెలల తరబడి నడిస్తేనే కష్టం, గోడ మచ్చ కట్టి గట్టిపడతాది, దారి ఇరుకవుతాది, ఒంట్లో ఐరన్ ఉన్నా వాడుకోనీకుండా కట్టేస్తాది కాబట్టి రక్తం తగ్గిపోతాది, మనిషి సన్నబడతాడు. వారంలో పోయే వాపా, పోకుండా కూర్చున్న వాపా అనేది తేల్చుకోవడానికే కింద చెప్పేదంతా.

స్టెప్ 1: యాడ, ఎన్నాళ్ళుగా, ఎట్ల అనేది కాగితం మీద రాయండి

పైకడుపులో, రొమ్ము ఎముక కింద మంట, వికారం, కొంచెం తింటేనే కడుపు నిండిపోవడం ఉంటే కడుపు లేదా దాని పక్కనుండే చిన్నపేగు మొదలు. బొడ్డు చుట్టూ లేదా కుడిపక్క కింద నొప్పి, తిన్న గంటకి ఉబ్బరం, బరువు తగ్గడం అయితే చిన్నపేగు చివర చూడాలి. రక్తం, జిగట, అర్జెంటుగా పరిగెత్తాల్సి రావడం, పోయొచ్చినాక కూడా ఇంకా ఉందనిపించడం ఇవన్నీ పెద్దపేగు లక్షణాలు. ఇది అంచనా మాత్రమే, చోటు అటూ ఇటూ అవుతాది.

రెండు వారాల లోపు బేదులు ఎక్కువ భాగం ఇన్‌ఫెక్షనే. నాలుగు వారాలు దాటితే దాన్ని ఇంట్లో చూసుకునే విషయంగా అనుకోవద్దు. ఇంకొకటి, రేత్రి నిద్రలోంచి లేపి మరీ బాత్రూంకి తీసుకపోతా ఉందా అనేది తప్పకుండా రాయండి, ఐబీఎస్ (పేగులో వాపు, పుండు లేకుండా దాని పనితీరులో వచ్చే ఇబ్బంది, టెన్షన్ ఉంటే పెరుగుతాది) సాధారణంగా నిద్ర లేపదు, వాపు లేపుతాది. డాక్టర్‌కి ఈ ఒక్క లైన్ చాలా పనికొస్తాది.

స్టెప్ 2: ఇవి ఉంటే ఆగొద్దు, ఆ రోజే పోండి

తారులాగా నల్లగా జిగటగా కంపు కొడతా మోషన్ రావడం (ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగా వస్తాది, అది చెప్పండి డాక్టర్‌కి), వాంతిలో రక్తం లేదా కాఫీ పొడిలాంటిది, మోషన్‌తో పాటు రక్తం పోతా జ్వరం, కడుపు చెక్కలా బిగుసుకుపోవడం, గ్యాస్ కూడా పోకుండా ఉబ్బి వాంతులు, పిల్లలు ఒంటికి పోకుండా సోలిపోవడం.

బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కొన్ని గంటల్లో కుడిపక్క కిందికి జరిగి, దగ్గినా నడిచినా గుచ్చతా ఉంటే అది అపెండిక్స్ వాపు కావచ్చు. మన ఊర్లల్లో "బొడ్డు జారింది" అని నూనె రాసి కడుపు తోమించడం ఇంకా ఉంది. దయచేసి ఆ పని చేయొద్దు, వాచిన అపెండిక్స్ లోపల పగిలితే చీము కడుపంతా పాకతాది, ప్రాణం మీదకి వస్తాది. అట్లనే యాభై దాటినోళ్ళు, షుగర్ ఉన్నోళ్ళు, పైకడుపు మంటతో పాటు చెమటలు, ఆయాసం, దవడకో చెయ్యికో పాకే నొప్పి ఉంటే అది గుండెపోటు కావచ్చు, ముందు ఈసీజీ. గ్యాస్ అని సోడా తాగి పడుకుని పోయినోళ్ళు ఉన్నారు. 108 కి ఫోన్ చేయడానికి మొహమాటం వద్దు.

స్టెప్ 3: ఇంట్లో మాత్రల డబ్బా తీసి చూడండి

పైన చెప్పిన ప్రమాద లక్షణాలు లేకపోతే, నా లెక్కన ముందు చేయాల్సిన పని ఇదే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఇట్లాంటి నొప్పి మాత్రలు కాక్స్ అనే ఎంజైమ్‌ని ఆపతాయి, మోకాలి వాపు తగ్గేది అందుకే. కానీ అదే ఎంజైమ్ కడుపులో ప్రోస్టాగ్లాండిన్లు తయారు చేస్తాది, కడుపు గోడకి జిగురు పొర, రక్త ప్రసారం సరిగా ఉండేది వాటివల్లే. అవి తగ్గితే మన కడుపులో యాసిడ్ మన గోడనే తింటాది. ఒక చోట వాపు తగ్గించుకోబోయి ఇంకో చోట పుండు తెచ్చుకోవడం అన్నమాట.

అలిపిరి మెట్ల దారిన 3,550 మెట్లు ఎక్కి దిగినోళ్ళు కాళ్ళు పట్టుకుపోయి వస్తారు, అప్పటికే ఉపవాసం, దర్శనం అయ్యేదాకా ఏమీ తినరు, ఆ ఖాళీ కడుపు మీద నొప్పి మాత్ర వేసుకుంటారు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు (నాటు కట్టు) కట్టించుకున్నోళ్ళు నొప్పి ఆగక వారాల తరబడి అదే మాత్ర వాడతారు. ఒకటి రెండు రోజులు అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి ఏమీ కాదు, కానీ వయసు 65 దాటినా, ముందు అల్సర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడతా ఉన్నా, స్టెరాయిడ్ వాడతా ఉన్నా అడక్కుండా వేసుకోవద్దు. మామూలు ఒళ్ళు నొప్పికి చెప్పిన డోసులో పారాసిటమాల్ కడుపుకి చాలా మేలు. గుండెకి డాక్టర్ రాసిన ఆస్పిరిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, దానికి తోడు కడుపు మాత్ర కావాలా అని అడగండి. కీళ్ళ నొప్పులకి పేరు, లేబులు లేకుండా పొట్లాల్లో ఇచ్చే పొడులు ఉంటే అవి కూడా డాక్టర్‌కి చూపించండి, దాచొద్దు.

ప్యాంటోప్రజోల్ లాంటి యాసిడ్ మాత్రలు తిన్నాక వేసుకుంటే సగం వృథా, టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి. చీటీలో ఎన్ని రోజులు రాసి ఉంటే అన్ని రోజులే, సంవత్సరాల తరబడి అడక్కుండా లాగొద్దు.

స్టెప్ 4: కొత్తగా వచ్చిన బేదులైతే నీళ్ళే మందు

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం పొడి వేసి కలపడం తప్పు, ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్ళకి ఆరు టీస్పూన్లు చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, గోపురంలా కాకుండా సమంగా గీసి. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. టెట్రా ప్యాక్‌ల్లో తియ్యటి డ్రింకులు ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మేవాళ్ళు, హైదరాబాద్‌లో పిల్లల డాక్టరమ్మ ఒకామె ఏళ్ళ తరబడి కొట్లాడినాక 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆ పేరు వాడొద్దని ఆపించింది. ఇప్పటికీ కొనేటప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉందా చూసుకోండి. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాముల జింక్, అంతకన్నా చిన్నోళ్ళకి 10, రెండు వారాలు, తల్లిపాలు ఆపకుండా.

రక్తం పడతా ఉన్నా, జ్వరం ఉన్నా బేదులు టక్కున ఆపే లోపెరమైడ్ మాత్ర వద్దు. యాంటీబయాటిక్ కూడా మీరే అడిగి వేసుకోవద్దు, బేదులు చాలా వరకు వైరస్ వల్ల వస్తాయి, వాటికి అది పని చేయదు, ఉన్న మంచి బ్యాక్టీరియా పోతాది. ఉప్పు వేసిన గంజి, పల్చటి మజ్జిగ, మెత్తటి అన్నం తింటా ఉండండి, పస్తు ఉండద్దు.

స్టెప్ 5: టెస్టులు, ఏది ఎందుకు

నాలుగు వారాలు దాటిన సమస్యకి సాధారణంగా సీబీసీ (రక్తకణాల లెక్క), ఈఎస్‌ఆర్, సీఆర్పీ (ఒంట్లో వాపు ఉందేమో చూసేవి), ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రొటీన్), మోషన్ టెస్ట్ రాస్తారు. సీఆర్పీ మామూలుగా ఉన్నంత మాత్రాన పేగుల్లో వాపు లేదనుకోవద్దు, పెరిగినంత మాత్రాన పేగుల్లోనే ఉందనీ కాదు.

పేగు సంగతి నేరుగా చెప్పేది ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్. ఇందాక చెప్పిన న్యూట్రోఫిల్స్ లోపల ఉండే ప్రొటీన్ ఇది, అవి పేగు గోడ దాటి లోపలికి వస్తే ఇది మోషన్‌లో కలుస్తాది. గ్రాముకి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే వాపు ఉండే అవకాశం చాలా తక్కువ, ఐబీఎస్ వైపు ఆలోచిస్తారు. 250 దాటితే లోపల గట్టిగానే నడస్తా ఉందని లెక్క, మధ్యలో ఉంటే కొన్ని వారాలకి మళ్ళా చేయిస్తారు. శాంపిల్ తీసే పద్ధతి చాలామందికి చెప్పరు కాబట్టి చెప్తా ఉన్నా: ల్యాబ్ వాళ్ళిచ్చే డబ్బా మూతకి చిన్న స్పూన్ అతుక్కుని ఉంటాది, పొద్దన్నే మొదటిసారి పోయిన మోషన్ శుభ్రమైన పేపర్ మీదో పాత ప్లాస్టిక్ గిన్నెలోనో పట్టి, ఆ స్పూన్‌తో రెండు మూడు చోట్ల నుంచి కొంచెం తీసి మూత బిగించాలి. ఒంటికి పోయింది గానీ, టాయిలెట్ నీళ్ళు గానీ కలవకూడదు. డబ్బా నిండా నింపొద్దు. నొప్పి మాత్రలు వాడతా ఉంటే ఈ నంబర్ ఊరికే పెరుగుతాది, ఆ మాట ల్యాబ్‌లోనూ డాక్టర్‌కీ చెప్పండి.

పైకడుపు సమస్యకి హెలికోబ్యాక్టర్ పైలోరీ (కడుపు గోడ మీద ఉండి అల్సర్ తెచ్చే బ్యాక్టీరియా) టెస్ట్ అడగండి. కడుపులో అంత యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని డాక్టర్లు చాలాకాలం నమ్మినారు, అల్సర్ అంటే టెన్షన్, కారం అనేవాళ్ళు. ఆస్ట్రేలియాలో పెర్త్ ఊర్లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు 1982లో ఈ బ్యాక్టీరియాని పెంచి చూపించినా చాలామంది నమ్మలేదు, చివరికి 1984లో మార్షల్ ఆ క్రిముల ద్రావణం తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని చూపించినాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ పని వల్ల ఈరోజు అల్సర్ అనేది జీవితాంతం మోసే జబ్బు కాకుండా, ఎక్కువమందికి రెండు వారాల మందుల కోర్సుతో పోయే జబ్బు అయింది, ఇది నిజంగా గొప్ప విషయం. దీనికి ఊపిరి టెస్ట్ లేదా మోషన్ యాంటిజెన్ టెస్ట్ మంచివి, రక్తంలో యాంటీబాడీ టెస్ట్ ఎప్పుడో వచ్చి పోయినా పాజిటివ్ చూపిస్తాది. టెస్ట్‌కి ముందు రెండు వారాలు ప్యాంటోప్రజోల్ లాంటివి, నాలుగు వారాలు యాంటీబయాటిక్స్ ఆపి ఉండాలి, లేకపోతే ఉన్నా లేదని వస్తాది, డాక్టర్‌ని అడిగి ఆపండి. కోర్సు మధ్యలో వదిలేస్తే క్రిమి మొండికేస్తాది. అయిపోయిన కనీసం నాలుగు వారాలకి పోయిందో లేదో మళ్ళా టెస్ట్, ఈ చివరి టెస్ట్ చాలామంది ఎగ్గొడతారు.

స్టెప్ 6: కొలనోస్కోపీ రాస్తే భయపడి వాయిదా వేయొద్దు

కొలనోస్కోపీ అంటే మలద్వారం గుండా కెమెరా ఉండే సన్నటి గొట్టం పంపి పెద్దపేగు లోపల చూడడం. దానికి ముందు కొన్ని రోజులు రాగి సంగటి, ఆకుకూర, శెనక్కాయలు, జామకాయ, టమోటా గింజలు మానేయండి, ముందు రోజు డాక్టర్ చెప్పినట్టు వడకట్టిన నీళ్ళలాంటివే, ఎర్రరంగు జ్యూసులు వద్దు. పేగు కడిగే పొడి నీళ్ళలో కలిపి తాగడమే కష్టమైన పని, ఫ్రిజ్‌లో చల్లగా పెట్టి తాగితే కొంచెం సులువు. మోషన్ లేత పసుపు నీళ్ళలా తేటగా వచ్చేదాకా క్లీన్ అయినట్టు కాదు. షుగర్, బీపీ, రక్తం పలచబడే మందులు ముందే చెప్పండి. చిన్నపేగు చివర దాకా చూడమనీ, అవసరమైతే పరీక్షకి చిన్న ముక్క (బయాప్సీ) తీయమనీ అడగండి.

మన దగ్గర ముక్క పరీక్ష ఎందుకు అంత ముఖ్యం అంటే, పేగుల టీబీ, క్రోన్స్ జబ్బు (పేగుల్లో ఆగకుండా నడిచే వాపు జబ్బు) రెండూ చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటనే ఎక్కువగా వస్తాయి, రెండిట్లోనూ కుడిపక్క నొప్పి, జ్వరం, సన్నబడడం, స్కోపీలో పుండ్లు. అనుభవం ఉన్న డాక్టర్లకి కూడా విడదీయడం కష్టం. మందులు మాత్రం పూర్తిగా వేరు, క్రోన్స్‌కి ఇచ్చే స్టెరాయిడ్ టీబీ ఉన్న మనిషికి పడితే టీబీ ఒళ్ళంతా పాకతాది. అందుకే తేలకపోతే ముందు టీబీ మందులు మొదలుపెట్టి కొన్ని నెలలకి మళ్ళా స్కోపీ చేసి పుండ్లు మానినాయా అని చూస్తారు. "మందులు మార్చి మార్చి ఇస్తా ఉండారు" అని విసుక్కుని డాక్టర్‌ని మార్చేముందు ఇది గుర్తుపెట్టుకోండి. టీబీ మందులు సర్కారు నుంచి ఉచితం, కోర్సు మామూలుగా ఆరు నెలలు, తిండికి నిక్షయ్ పోషణ్ కింద నెలకి 1,000 రూపాయలు బ్యాంకులో వేస్తారు. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి, చిత్తూరు పక్కనోళ్ళు ఎక్కువగా వేలూరు సీఎంసీకి పోతారు. యాడికి పోయినా పాత రిపోర్టులు, బయాప్సీ స్లైడ్లు వెంట తీసుకపోండి, ఎన్టీఆర్ వైద్య సేవ (రాష్ట్ర సర్కారు ఉచిత వైద్య పథకం) కార్డు వర్తిస్తాదా అని కౌంటర్‌లో ముందే అడగండి.

స్టెప్ 7: క్రోన్స్ గానీ అల్సరేటివ్ కొలైటిస్ గానీ అని తేలితే

కొలైటిస్ మలద్వారం దగ్గర మొదలై పైకి వరసగా పాకతాది, పైపొర వరకే. క్రోన్స్ నోటి నుంచి కిందిదాకా యాడైనా, మధ్యలో మంచి పేగు వదిలి వదిలి వస్తాది, గోడ మందం అంతా పట్టుకుంటాది కాబట్టి ఇరుకు పడడం, ఫిస్టులా (పేగు గోడకి చిల్లి పడి పక్కకి దారి ఏర్పడడం) అందులో జాస్తి. మెసలమైన్ అనే వాపు తగ్గించే మందు కొలైటిస్‌కి బాగా పని చేస్తాది. స్టెరాయిడ్ మంటని ఆర్పడానికి కొన్నాళ్ళే, తర్వాత మెల్లిగా తగ్గించి ఆపాలి, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ వాడేటప్పుడు రక్తపరీక్షలు వదలొద్దు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఆ టీఎన్‌ఎఫ్‌నే పట్టి ఆపతాయి, లోపల నిద్రపోతా ఉన్న టీబీని అణచి పెట్టేది కూడా టీఎన్‌ఎఫే కాబట్టి ముందు టీబీ టెస్టులు చేయించకుండా వేయరు.

బాగైపోయిందని మందు ఆపేయడం ఎక్కువమంది చేసే పొరపాటు. లక్షణాలు పోయినాక కూడా గోడలో వాపు మిగిలి ఉంటాది, కాల్‌ప్రొటెక్టిన్ మళ్ళా చేయించేది అందుకే. ఆడపిల్లలు కడుపుతో ఉన్నారని ఇంట్లోవాళ్ళు మందులు ఆపించేస్తారు, అడక్కుండా ఆ పని చేయొద్దు, చాలా మందులు కొనసాగించవచ్చు, ఆపితే వచ్చే వాపే బిడ్డకి జాస్తి ప్రమాదం. క్రోన్స్ ఉంటే సిగరెట్, బీడీ మానాల్సిందే. పెద్దపేగులో జబ్బు మొదలై ఎనిమిదేళ్ళు అయితే క్యాన్సర్ కోసం కొలనోస్కోపీ చేయించుకుంటా ఉండాలి.

స్టెప్ 8: తిండి

కారం వల్ల అల్సర్ రాదు, కానీ ఉన్న పుండు మీద పచ్చిమిరప ఊరిబిండి పడితే మంట పెరుగుతాది, తగ్గేదాకా పక్కన పెట్టండి. వాపు రేగి ఉన్నప్పుడు రాగి సంగటి బదులు మెత్తటి అన్నం, పెరుగు, గుడ్డు, చేప, తొక్క తీసిన కూరగాయలు. పేగు ఇరుకుగా ఉందని స్కాన్‌లో వస్తే శెనక్కాయలు, పీచు మామిడి, మునక్కాయ, కమలా తొనల పొర వద్దు, అడ్డం పడతాయి. ఇరుకు లేకుండా జబ్బు నెమ్మదించినాక మళ్ళా సంగటి, అంబలి అన్నీ మెల్లిగా మొదలు పెట్టండి, భయపడి అన్నీ మానేసి ఎముకలు తేలినోళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతాది. పాలు పడకపోతే పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి. పసుపు నీళ్ళు తాగితే తాగండి, మందు బదులు మాత్రం కాదు. పెరటాశి శనివారాల ఉపవాసం, స్టెరాయిడ్ లేదా షుగర్ మందు వాడతా ఉంటే డాక్టర్‌ని అడిగే చేయండి.

ఇంగ పిల్లల సంగతి. పిల్లోళ్ళకి పేగుల్లో వాపు ఉంటే కడుపునొప్పి, బేదులు కన్నా ముందు ఎత్తు పెరగడం ఆగిపోవడం కనపడొచ్చు, వయసు వచ్చినా ఆడపిల్లలు పెద్దమనిషి కాకపోవడం, ఊరికే అలిసిపోవడం, నోట్లో పుండ్లు, రక్తం తక్కువ అని ఐరన్ వాడినా పెరగకపోవడం. ఇంట్లో గోడ మీద గీత గీసి ఆరు నెలలకి ఒకసారి ఎత్తు చూడండి, బరువు కూడా తేదీతో రాసి పెట్టండి, గీత జరగకపోతే ఆ కాగితం పట్టుకుని పిల్లల డాక్టర్ దగ్గరికి పోండి.